సెట్టవ్వడం వేరు, సరిపోవడం వేరు

మన సీఎస్‌ఈ వాళ్ళం రోజుకి ఒక్కసారైనా వాడే మాట "కంపాటిబుల్". ఈ లైబ్రరీ ఆ వెర్షన్‌తో కంపాటిబుల్ కాదు, ఈ డ్రైవర్ ఆ కెర్నల్‌తో కంపాటిబుల్ కాదు, ఈ ప్రాజెక్టు పార్ట్‌నర్ అసలు ఎవరితోనూ కంపాటిబుల్ కాదు. మన అదృష్టం ఏంటంటే, పొసగనిదాన్ని ఇన్‌స్టాల్ చేయబోతే చాలాసార్లు కంప్యూటరే గోల చేస్తుంది. ఎర్ర అక్షరాల్లో అరపేజీ తిట్టి మరీ ఆగిపోతుంది. చదివే ఓపిక ఉంటే తేడా ఎక్కడుందో ఆ తిట్లలోనే దొరుకుతుంది.

ఈ వేసవి సెలవుల్లో అదే సమస్య నాకు ఇంకోచోట ఎదురైంది. పాత కారుకి బ్రేక్ మాస్టర్ సిలిండర్ మార్చాలి. ఏది వేయాలి? ఇక్కడ ఎర్ర అక్షరాలు ఉండవు. పొసగని పార్టు వేసినా బోల్టులు బిగుసుకుంటాయి, బండి కదులుతుంది, బ్రేకు పడుతుంది, క్షేమంగా ఇంటికి కూడా వచ్చేస్తాం. తేడా ఉందన్న సంగతి ఎప్పుడో ఒకరోజు, ఎవరో ఉన్నట్టుండి అడ్డం వచ్చినప్పుడు తెలుస్తుంది. అప్పుడు తెలిసినా లాభం ఉండదు. మెకానికల్ బ్రాంచి మిత్రులకి ఇందులో కొత్త సంగతి లేకపోవచ్చు. మిగతావాళ్ళ ఇళ్ళల్లో ఒక పాత కారు ఉండే ఉంటుంది కాబట్టి రాస్తున్నాను.

మాది మారుతి 800. 1999లో తాతయ్య కొన్నారు. నా కంటే పెద్దది, అందుకని ఇంట్లో దాన్ని "పెద్దోడు" అంటారు. మారుతి 800 మన దేశంలో 1983 డిసెంబరులో మొదలై 2014 జనవరిలో ఆగిపోయింది. మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజను. ముప్ఫై ఏళ్ళ పాటు వచ్చింది కాబట్టి పేరు ఒకటే అయినా లోపల చాలా మారింది. 1986లో బాడీయే మారిపోయింది. కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. కాబట్టి షాపులో "మారుతి 800కి మాస్టర్ సిలిండర్ ఇవ్వండి" అంటే, మెడికల్ షాపుకెళ్ళి "తలనొప్పికి ఏదన్నా ఇవ్వండి" అన్నట్టే. ఏదో ఒకటి ఇస్తారు.

మా బండి సమస్యని మొదట పట్టుకున్నది మా చెల్లి. దానికి పద్దెనిమిది నిండాయి, ఎల్‌ఎల్‌ఆర్ వచ్చింది. ఇంటి ముందు బండిని స్టార్ట్ చేసి, బ్రేకు మీద కాలు పెట్టి కూర్చుని, "అన్నయ్యా, పెడల్ కిందికి పోతోంది" అంది. నాన్న నమ్మలేదు. ఆయన కూర్చుని ఫట్‌మని తొక్కారు. పెడల్ రాయిలా నిలబడింది. "బానే ఉంది కదే! నీకు తొక్కడం రాక" అన్నారు. చెల్లి మళ్ళీ కూర్చుని మెల్లగా తొక్కింది. మళ్ళీ దిగిపోయింది. ఇద్దరూ చెప్పేది నిజమే. ఆ రెండు నిజాలు కలిస్తేనే జబ్బు ఏంటో తెలుస్తుంది, కానీ ఆ సంగతి ఆ పూట మాలో ఎవరికీ తెలీదు.

మా వీధి చివర షెడ్డు మెకానిక్ బాబాయ్ వచ్చి చూశారు. ఆయనకి అరవై దాటుంటాయి. ముందు నాలుగు చక్రాల దగ్గరా వంగి, లోపలి వైపు వేలు పెట్టి తడి ఉందేమో చూశారు. లేదు. పైపుల జాయింట్లు చూశారు. పొడిగానే ఉన్నాయి. బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా చూశారు. లెవెల్ తగ్గలేదు. అప్పుడు ఇంజను ఆపించి, చెల్లి చేత నాలుగైదుసార్లు పెడల్ కొట్టించి, "ఇప్పుడు ఊరికే పాదం ఆనించి ఉంచమ్మా, నొక్కొద్దు" అన్నారు. పది సెకన్లలో పెడల్ మెల్లగా, మెత్తటి దిండులో తల దిగినట్టు దిగిపోయింది. "ఇప్పుడు గట్టిగా తొక్కు." ఆగింది.

"బయట లీకేజీ లేదు. లోపలే తిరుగుతోంది. మాస్టర్ సిలిండర్‌లో కప్పులు పోయినయ్" అన్నారు.

లోపల తిరగడం అంటే ఏంటో ఆయన చెప్పింది, నేను తర్వాత చదువుకున్నది కలిపి చెప్తాను. కాలేజీలో ఇంజెక్షన్ సిరంజీలు రెండు తీసుకోండి. సన్నటి ట్యూబుతో కలిపి, గాలి లేకుండా నీళ్ళు నింపండి. ఒకదాన్ని నొక్కితే రెండోది లేస్తుంది. బ్రేకు అంతే. మన కాలి దగ్గర ఉన్న సిరంజి మాస్టర్ సిలిండర్. చక్రాల దగ్గర ఉన్న సిరంజీలు వీల్ సిలిండర్లు, క్యాలిపర్లు. మూసిన పాత్రలో ద్రవం మీద పెట్టిన ఒత్తిడి అన్ని వైపులకీ సమానంగా పాకుతుందని 17వ శతాబ్దంలో పాస్కల్ చెప్పిన సూత్రమే ఇదంతా. ఆ పాస్కల్ పేరే 1970లో నిక్లాస్ విర్త్ తన ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌కి పెట్టాడు, కాబట్టి ఆయన మనకీ చుట్టమే.

సిరంజి లోపల పిస్టన్ చివర నల్ల రబ్బరు ఉంటుంది చూడండి. మాస్టర్ సిలిండర్‌లో దాన్నే కప్పు అంటారు. దాని అంచు గిన్నె అంచులా బయటికి విచ్చుకుని ఉంటుంది. ఆయిల్ ఒత్తిడి పెరిగేకొద్దీ ఆ అంచు సిలిండర్ గోడకి ఇంకా గట్టిగా ఆనుకుంటుంది. అంచు అరిగిపోతే ఏమవుతుంది? గట్టిగా తొక్కితే ఒత్తిడే దాన్ని గోడకి అదిమేస్తుంది, కాబట్టి ఆగుతుంది. మెల్లగా తొక్కితే అంత అదుము ఉండదు, ఆయిల్ అంచు పక్కనుంచి వెనక్కి జారిపోతుంది. నాన్నకి రాయిలా నిలబడింది, చెల్లికి దిండులా దిగింది అందుకే. ఆయిల్ వెనక్కి జారి మళ్ళీ పై డబ్బాలోకే వెళ్తుంది. నేల మీద చుక్క పడదు, డబ్బాలో లెవెల్ తగ్గదు. చూసేవాడికి అంతా బాగానే ఉన్నట్టుంటుంది. పాతికేళ్ళు పనిచేసిన రబ్బరు అరగడం ఎవరి తప్పూ కాదు, కానీ అలాగే వదిలేస్తే మాత్రం మన తప్పే అవుతుంది.

ఇంకోమాట. ఇప్పటి కార్లలో ఉండేది ఒక్క సిరంజి కాదు. ఒకే గొట్టంలో ముందొకటి, వెనకొకటిగా రెండు పిస్టన్లుంటాయి. దాన్ని టాండెమ్ అంటారు. ఒక్కో పిస్టన్ రెండేసి చక్రాల బాధ్యత చూస్తుంది. ఒక పైపు తెగినా రెండోది బండిని ఆపాలి. మన భాషలో చెప్పాలంటే బ్యాకప్ సర్వర్ లాంటిది.

ఇక ఏం చేయాలి? మూడు దార్లున్నాయి. మొదటిది కిట్ వేయడం. కొత్త రబ్బర్లు, స్ప్రింగులు ఒక ప్యాకెట్‌గా వస్తాయి. చవక. రెండోది పాత సామాన్ల షాపులో ఇంకో బండి నుంచి తీసింది కొనడం. మూడోది కొత్త సిలిండర్. నాన్నకి కిట్ నచ్చింది. బాబాయ్ సిలిండర్ విప్పి, గుడ్డతో తుడిచి, టార్చి వేసి లోపలి గోడ చూపించారు. అడుగు భాగంలో చిన్న చిన్న గుంటలు. బ్రేక్ ఆయిల్‌కి గాలిలో తేమని పీల్చుకునే గుణం ఉంది. ఏళ్ళ తరబడి మార్చకపోతే ఆ తేమే లోపల లోహాన్ని తినేస్తుంది. "ఈ గరుకు గోడ మీద కొత్త కప్పులేస్తే ఆర్నెల్లకి మళ్ళీ నా దగ్గరికే వస్తారు. నాకు మంచిదే, మీకు కాదు" అన్నారు. పాత సామాన్ల షాపుది వద్దనడానికి కారణం చెప్పక్కర్లేదు. దాని కప్పుల వయసెంతో ఎవరికి తెలుసు?

అలా నేను తెనాలి నుంచి రైల్లో బెజవాడ బయల్దేరాను, విప్పిన మాస్టర్ సిలిండర్‌ని పాత టవల్‌లో చుట్టి బ్యాగులో పెట్టుకుని. అది బాబాయ్ పెట్టిన మొదటి రూలు. "మోడల్ పేరు చెప్పి కొనకు. పాతది పక్కన పెట్టి కొను."

ఆటోనగర్ తెలియని బెజవాడ చుట్టుపక్కల వాళ్ళు ఉండరు. బెంజ్ సర్కిల్ దాటి వెళ్తే, లారీ మొత్తాన్ని విడి భాగాలుగా కొనుక్కొచ్చి ఇంటి దగ్గర కట్టుకోవచ్చనిపించే ఊరది. నేను ఇంగ్లీషు మీడియం వాణ్ణి. హైడ్రాలిక్స్ గురించి ఇంగ్లీషులో ఎన్ని పేజీలైనా చదవగలను. కౌంటరు ముందు నిలబడి నాకు కావలసింది ఏంటో తెలుగులో చెప్పడానికి మాత్రం నోరు తిరగలేదు. షాపాయన నాకంటే ముందే మొదలుపెట్టాడు. "బూస్టర్ ఉన్నదా, లేనిదా? పాత మోడలా, కొత్త మోడలా? ఒరిజినలా, లోకలా?" నా దగ్గర ఆ ప్రశ్నలన్నిటికీ ఒకే జవాబు ఉంది. టవల్ విప్పి బల్ల మీద పెట్టాను.

ఆయన మూడు డబ్బాలు తీశాడు. ఒకటి చూడగానే వేరేదని తెలిసిపోయింది, డబ్బా తగిలించే చోటే వేరు. రెండోది, మూడోది చూడటానికి మాదానిలాగే ఉన్నాయి. మూడోది మా కంపెనీదే, కానీ వేరే మోడల్ బండిదట. "అదీ ఇదీ ఒకటే బాబూ, సెట్టయిపోద్ది. రోజూ తీసుకెళ్తారు. నాలుగొందలు తక్కువ కూడా" అన్నాడు.

బాబాయ్ నాకు ఒక కాగితం రాసిచ్చారు. తెలుగులో, పెన్సిల్‌తో. షాపాయన ముందే ఆ కాగితం తీసి ఒక్కొక్కటీ చూడటం మొదలుపెట్టాను. ఎండలో వెనకాల నలుగురు నిలబడి ఉన్నారు. సిగ్గుగానే ఉంది, అయినా చూశాను. మీకూ పనికొస్తుందని ఆ కాగితాన్ని విడమరిచి రాస్తున్నాను.

మొదట, బిగించే చోటు. రెండు బోల్టుల బెజ్జాల మధ్య దూరం, బూస్టర్‌లోకి దూరే గుండ్రటి మెడ సైజు. ఇది సరిపోకపోతే అసలు కూర్చోదు, కాబట్టి ఇక్కడ ఎవరూ మోసపోరు. దీన్ని మాత్రమే చూసి "సెట్టయింది" అనేస్తారు. అసలు పరీక్ష దీని తర్వాత మొదలవుతుంది.

రెండు, పైపులు ఎక్కే రంధ్రాలు. ఎన్ని, ఏ వైపు, రెండు పిస్టన్లకీ ఎలా పంచారు. బ్రేకు పైపు ఇనుపది, మన ఇయర్‌ఫోన్ వైరులా వంచుకోవడానికి కుదరదు. కాస్త వంచుదాంలే అంటే మడత పడి పగులుతుంది.

మూడు, మరలు. వ్యాసం ఒకటే అయినా మర మరకీ మధ్య దూరం వేరుగా ఉండొచ్చు. మొదటి రెండు చుట్లు తిరుగుతుంది, తర్వాత బిగుసుకుంటుంది. బలం పెడితే మరలు పోతాయి. మరలు కలిసినా ఇంకోటుంది. పైపు చివర విచ్చుకున్న ఆకారం, అది కూర్చునే గుంట ఆకారం కలవాలి. కొన్ని గరాటులా ఉంటాయి, కొన్ని బుడగలా ఉబ్బి ఉంటాయి. ఒకదాని చోట ఇంకోటి బిగిస్తే ఆ రోజుకి లీకు కాకపోవచ్చు.

నాలుగు, వెనక గుంట లోతు. బూస్టర్ నుంచి వచ్చే కడ్డీ పిస్టన్ వెనక ఉన్న గుంటలో ఆనుతుంది. ఆ లోతు మిల్లీమీటరు తేడా ఉన్నా కథ మారిపోతుంది. గుంట లోతు ఎక్కువైతే పెడల్ కొంత దూరం ఊరికే కదిలి తర్వాత బ్రేకు పడుతుంది. లోతు తక్కువైతే ఇంకా ప్రమాదం. కాలు తీసినా కడ్డీ పిస్టన్‌ని కొంచెం నొక్కే ఉంచుతుంది. సిలిండర్‌లో ఒక సన్నటి బెజ్జం ఉంటుంది, కాలు తీయగానే ఆయిల్ దాంట్లోంచి పై డబ్బాలోకి తిరిగి వెళ్తుంది. పిస్టన్ పూర్తిగా వెనక్కి రాకపోతే ఆ బెజ్జం మూసుకునే ఉంటుంది. ప్యాడ్లు కొంచెం రాసుకుంటూ ఉంటాయి, వేడెక్కుతాయి. వేడికి ఆయిల్ వ్యాకోచిస్తుంది, వెళ్ళడానికి దారి లేదు, కాబట్టి బ్రేకు ఇంకా బిగుస్తుంది. షెడ్డులో పరీక్షిస్తే బ్రహ్మాండంగా ఉండే బండి, కొన్ని కిలోమీటర్లు పోయాక తనంతట తానే బ్రేకేసుకుంటుంది.

ఐదు, లోపల వాల్వు. నాలుగు చక్రాలకీ డ్రమ్ములున్న కొన్ని పాత బండ్లలో, పైపులో కొంచెం ఒత్తిడి ఎప్పుడూ మిగిలి ఉండేలా సిలిండర్ మూతి దగ్గర చిన్న వాల్వు పెట్టేవారు. అలాంటిది తెచ్చి ముందు డిస్కులున్న మాలాంటి బండికి వేస్తే, ఆ మిగిలిన ఒత్తిడికే ప్యాడ్లు డిస్కుని పట్టుకుని ఉంటాయి. బయటినుంచి చూస్తే ఆ వాల్వు కనిపించదు.

ఆరు, అన్నిటికంటే ముఖ్యం, బోరు. అంటే లోపలి గొట్టం వ్యాసం. దీన్ని చాలా సిలిండర్ల మీద అచ్చుపోసి ఉంటారు, అంగుళాల్లోనో మిల్లీమీటర్లలోనో. మా పాతదాని మీద మట్టి గీకితే అంకె కనిపించింది. మూడో డబ్బాలో ఉన్నదాని మీద వేరే అంకె. బయట ఒకటే ఆకారం, ఒకటే మెడ, ఒకటే బెజ్జాలు. లోపల బోరు వేరు. మా బండి అంకె ఎంతో ఇక్కడ రాయట్లేదు. రాస్తే ఎవరో ఒకరు అదే పట్టుకుని షాపుకి వెళ్తారు. మీ బండిది మీ పాత పార్టు మీద చూసుకోండి.

"బోరు పెద్దదైతే మంచిదేగా బాబూ, ఎక్కువ ఆయిల్ తోస్తది" అన్నాడు షాపాయన. నాకూ మొదట అలాగే అనిపించింది. ర్యామ్ ఎక్కువైతే మంచిదే కదా! అక్కడే స్టూలు మీద కూర్చుని ఫోన్‌లో లెక్క వేశాను. బాగా వాడుకలో ఉన్న రెండు సైజులు తీసుకున్నాను, ముప్పావు అంగుళం, అంటే 19.05 మిల్లీమీటర్లు, పదమూడు బై పదహారు, అంటే 20.64 మిల్లీమీటర్లు. తేడా మిల్లీమీటరున్నర. కంటికి ఆనదు. కానీ ఒత్తిడి అంటే బలాన్ని వైశాల్యంతో భాగించడం, వైశాల్యం వ్యాసం వర్గంతో పెరుగుతుంది. చిన్నదాని వైశాల్యం 285 చదరపు మిల్లీమీటర్లు, పెద్దదానిది దాదాపు 335. అంటే 17 శాతం ఎక్కువ. కడ్డీ మీద 1000 న్యూటన్ల బలం పడితే చిన్న బోరులో సుమారు 35 బార్ల ఒత్తిడి వస్తుంది, పెద్ద బోరులో 30 బార్లే. అదే బ్రేకు పడాలంటే కాలు 17 శాతం ఎక్కువ బలంతో తొక్కాలి.

బోరు పెద్దదైతే పెడల్ తక్కువ దూరం కదులుతుంది, కాలికి గట్టిగా తగులుతుంది. "అబ్బ, బ్రేకు భలే గట్టిగా ఉంది" అనిపిస్తుంది. నిజానికి చక్రం దగ్గర పట్టు తగ్గింది. మరీ చిన్నదైతే ఉల్టా. తేలిగ్గా తొక్కొచ్చు, పట్టు ఎక్కువ, కానీ పెడల్ చాలా దూరం పోవాలి, వెనక షూలు కొంచెం అరిగితే నేలకి తగిలేస్తుంది. అంటే ఇక్కడ ఎక్కువ, తక్కువ అని మంచీ చెడూ లేవు. పెడల్ పొడవు, బూస్టర్, మాస్టర్ బోరు, చక్రాల దగ్గర పిస్టన్లు, ఇవన్నీ ఒకదాన్ని చూసి ఒకటి లెక్కేసి పెట్టినవి. ఒక్కదాన్ని మారిస్తే మిగతావన్నీ అబద్ధం అయిపోతాయి.

ఆ లెక్క చూస్తున్నప్పుడు నాకు నాన్న గుర్తురాలేదు. ఆయన కాలికి 17 శాతం ఒక లెక్క కాదు. చెల్లి గుర్తొచ్చింది. నలభై ఐదు కిలోల మనిషి. బోసు రోడ్డులో ఎవరో స్కూటర్ మీద అడ్డం వస్తే కంగారులో తొక్కేది ఆ కాలు. ఆ సెకనులో "కొంచెం ఎక్కువ బలం పెట్టమ్మా" అని చెప్పేవాళ్ళు పక్కన ఉండరు.

బాబాయ్‌కి ఫోన్ చేసి బోరు తేడా చెప్పాను. ఆయన ఒక్కమాటే అన్నారు. "సెట్టవ్వడం వేరు, సరిపోవడం వేరు అబ్బాయ్. సెట్టయ్యేదానికి బోల్టు చాలు. సరిపోయేదానికి బండి మొత్తం ఒప్పుకోవాలి."

రెండో డబ్బాలోది బోరు సరిపోయింది, మరలు సరిపోయాయి. కానీ వెనక గుంట లోతు అగ్గిపుల్ల పెట్టి కొలిస్తే మాదానికంటే తక్కువగా తేలింది. డబ్బా మీద అక్షరాలు కూడా కొంచెం అలికినట్టున్నాయి. ఒరిజినల్ అని ఆయన అంటున్నాడు, కాదనడానికి నా దగ్గర ఆధారం లేదు, అవునని నమ్మడానికీ లేదు. దండం పెట్టి వచ్చేశాను. అక్కడి నుంచి కంపెనీ స్పేర్ పార్టుల కౌంటరుకి వెళ్ళి, ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబరు ఇచ్చాను. ఆ నంబరుతో వెతికితే మా బండికి ఏ పార్టు నంబరో వచ్చింది. స్టాకులో లేదు, రెండు రోజులు పడుతుందన్నారు.

ఇంట్లో ఆ రెండు రోజులు బానే గడిచాయని చెప్పను. నాయనమ్మకి కంటి ఆసుపత్రికి వెళ్ళే రోజు మధ్యలో వచ్చింది, ఆటో పిలవాల్సి వచ్చింది. "ఎవడన్నా ఈ రోజుల్లో దీని కోసం బెజవాడ తిరుగుతాడా? తుక్కుకిచ్చేస్తే పీడా పోతుంది" అన్నారు నాన్న. తాతయ్య ఏమీ అనలేదు. ఆయన డ్రైవింగ్ మానేసి నాలుగేళ్ళయింది. వరండాలో కూర్చుని బండి బానెట్ మీద దుమ్ము తుడుస్తూ ఉన్నారు, అంతే. నాన్న మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మూడో రోజు పార్టు వచ్చింది. పాతదాని పక్కన పెట్టి కాగితంలో ఉన్న ఆరూ మళ్ళీ చూశాం. వాల్వు సంగతి బయటికి కనిపించదు కాబట్టి అక్కడ పార్టు నంబరునే నమ్మాలి. మిగతా ఐదూ కలిశాయి. బాబాయ్ దాన్ని నేరుగా బండికి ఎక్కించలేదు. ముందు బల్ల మీద వైసులో పట్టించి, ఆయిల్ పోసి, స్క్రూడ్రైవర్ పిడితో పిస్టన్‌ని మెల్లగా నొక్కుతూ లోపలి గాలి తీసేశారు. గాలి నొక్కితే కుంచించుకుపోతుంది, ఆయిల్ పోదు. లోపల బుడగ మిగిలితే కాలి బలం దాన్ని నొక్కడానికే సరిపోతుంది. పెయింటు మీద గుడ్డ కప్పించారు, బ్రేక్ ఆయిల్ పడితే పెయింటు ఊడొస్తుంది.

ఆయిల్ సీసా మూత మీద ఏముందో చూసి, అది మాత్రమే వాడారు. మామూలు బ్రేక్ ఆయిల్ డాట్ 3 అయితే కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 140కి దిగుతుంది. డాట్ 4 అయితే 230, 155. వేడికి మరిగితే ఆవిరి బుడగలొస్తాయి, మళ్ళీ దిండు కథే. ఇంజనాయిల్‌లాంటిది పొరపాటున చుక్క కలిసినా కొత్త రబ్బర్లు ఉబ్బి పాడైపోతాయి. మా పాత ఆయిల్ డికాక్షన్ రంగులో ఉంది. కొత్తది తేనె నీళ్ళలా ఉంది.

చక్రాల దగ్గర గాలి తీసేటప్పుడు సీట్లో చెల్లినే కూర్చోబెట్టారు. బాబాయ్ కింద పానా పట్టుకుని, "కొట్టు... కొట్టు... పట్టుకో", నిపిల్ వదులు చేసి, బుడగలు పోయాక బిగించి, "ఇప్పుడొదులు". నాలుగు చక్రాలకీ అదే మంత్రం. నా పని ఆయిల్ డబ్బా ఖాళీ కాకుండా పోస్తూ ఉండటం. అది ఖాళీ అయితే మళ్ళీ గాలి దూరి మొదటికొస్తుంది. గంటన్నర పట్టింది.

తర్వాత పరీక్ష. ఇంజను ఆపి పెడల్ కొట్టి, మెల్లగా ఆనించి ఒక నిమిషం ఉంచింది చెల్లి. కదల్లేదు. అలాగే పట్టుకుని ఇంజను స్టార్ట్ చేస్తే పెడల్ కొంచెం కిందికి జరిగి ఆగింది. అది బూస్టర్ పనిచేస్తోందని గుర్తు, జబ్బు కాదు. వీధిలో నెమ్మదిగా తిప్పి ఆపింది. ఆ తర్వాత నాన్న పది కిలోమీటర్లు తిప్పుకొచ్చారు. వచ్చాక బాబాయ్ నాలుగు చక్రాల దగ్గరా అరచెయ్యి దగ్గరగా పెట్టి వేడి చూశారు. ఏదీ రాసుకోవట్లేదు. అప్పుడు డబ్బులు తీసుకున్నారు.

ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళకి అయిపోతుంది, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూసి ఐదేళ్ళకోసారి పొడిగిస్తారు. మా పెద్దోడికి 2014లో ఒకసారి, 2019లో, 2024లో పొడిగించారు. మళ్ళీ 2029. అప్పటికి ఉంచాలా, తీసేయాలా అన్నది అప్పుడు చూద్దామన్నారు నాన్న. ఈలోగా చెల్లి దాని మీదే నేర్చుకుంటోంది. గేరు మార్చేటప్పుడు ఇంకా బండి గుర్రంలా ఎగురుతోంది, కానీ ఆపాల్సిన చోట ఆగుతోంది.

ఈ వారం ఇంటికెళ్ళినప్పుడు మీరొక పని చేయండి. మీ ఇంట్లో పాత కారుంటే, ఇంజను ఆపి, పెడల్ నాలుగుసార్లు కొట్టి, ఆ తర్వాత గట్టిగా కాకుండా మెల్లగా పాదం ఆనించి ముప్ఫై సెకన్లు లెక్కపెట్టండి. దిగితే బండి తీయకండి, మెకానిక్‌ని ఇంటికే పిలవండి. పార్టు కొనే పనిపడితే పాతది టవల్‌లో చుట్టి, ఆర్‌సీ జిరాక్సు జేబులో పెట్టుకుని వెళ్ళండి. వెనకాల ఎంతమంది నిలబడి తొందరపెట్టినా సరే, కాగితంలో ఉన్నవన్నీ చూశాకే డబ్బులివ్వండి.